చిన్న సాయం చేయాలనిపించినప్పుడు ఆగిపోకుండా ఎలా చేసేయాలి

ఎవరికైనా ఒక చిన్న మంచి పని చేద్దాం అని అనిపించడానికీ, నిజంగా కదిలి ఆ పని చేయడానికీ మధ్య నాలుగైదు సెకన్ల గ్యాప్ ఉంటుంది, మన మంచితనం చాలావరకు ఆగిపోయేది అక్కడే. పక్క సీట్లో ఆయన పని చాలా బాగా చేశాడు, చెబుదామా అనుకుంటాం, అంతలోనే "ఏమనుకుంటాడో ఏంటో" అనిపిస్తుంది. బరువైన బ్యాగుతో మెట్లెక్కలేక ఆగి ఆగి ఎక్కుతున్న పెద్దావిడని చూస్తాం, అడిగితే ఫీలవుతుందేమో అని ఆలోచిస్తాం, ఈ లోపు ఆవిడ ఎలాగోలా ఎక్కి వెళ్లిపోతుంది. మనసులో మంచి లేక కాదండీ, మొహమాటం అడ్డొచ్చి. పది మందికి సాయం చేయండి అని కొత్తగా చెప్పక్కర్లేదు, అది అందరికీ తెలిసిందే. ఆ మొహమాటాన్ని దాటడం ఎలా, దాటి చేసిన సాయం ఎదుటివాళ్లకి బరువు కాకుండా చూసుకోవడం ఎలా, ఈ రెండూ రాద్దామని కూర్చున్నాను, ఎందుకంటే చేసినవాళ్లకీ అందుకున్నవాళ్లకీ ఇద్దరికీ సంతోషం మిగలాలంటే ఈ రెండూ కుదరాలి.

ముందు ఆ "ఏమనుకుంటారో" సంగతి తేల్చుకోవాలి

మనం ఊహించుకునేదానికంటే ఎదుటివాళ్లు చాలా ఎక్కువ సంతోషపడతారు, ఇది ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అని ఇద్దరు పరిశోధకులు 2022లో దీని మీద వరసగా ప్రయోగాలు చేసి రాశారు. అందులో ఒకటి చికాగోలో చలికాలం స్కేటింగ్ చేసుకునే పార్కులో జరిగింది, అక్కడికొచ్చినవాళ్లకి ఒక కప్పు వేడి చాక్లెట్ డ్రింక్ ఇచ్చి, కావాలంటే మీరు తాగండి లేదా ఇక్కడున్న ఎవరికైనా ఇవ్వండి అన్నారు. ఇచ్చినవాళ్లని "తీసుకున్నవాళ్లకి ఎంత హాయిగా అనిపించి ఉంటుంది" అని అడిగితే తక్కువే చెప్పారు, తీసుకున్నవాళ్లని అడిగితే అంతకంటే ఎక్కువ చెప్పారు. కారణం కూడా వాళ్లు పట్టుకున్నారు: ఇచ్చేవాడి దృష్టి ఆ వస్తువు మీద ఉంటుంది, ఒక కప్పు డ్రింకే కదా ఇందులో ఏముంది అనుకుంటాడు, పుచ్చుకునేవాడికి మాత్రం వస్తువు కంటే "నన్నొకరు పట్టించుకున్నారు" అన్నది పెద్దదిగా కనిపిస్తుంది. నాకైతే ఈ విషయంలో ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకోటి దొరకలేదు, ఎందుకంటే మనం వెనక్కి తగ్గే ప్రతిసారీ మనసులో నడిచే లెక్క ఇదే, "ఇంత చిన్నదానికి ఏం బాగుంటుంది" అని.

మెచ్చుకోవడంలో కూడా ఇదే కథ. ఎరికా బూత్‌బీ, వనెసా బోన్స్ అని ఇద్దరు, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికెళ్లి ఒక మంచి మాట చెప్పి రమ్మని జనాన్ని పంపించి చూశారు, వెళ్లేముందు వీళ్లందరూ అవతలివాళ్లు ఇబ్బంది పడతారేమో, విసుక్కుంటారేమో అని భయపడ్డవాళ్లే, తీరా చెప్పాక అవతలివాళ్లు వీళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషపడ్డారు, తక్కువ ఇబ్బంది పడ్డారు.

కాబట్టి ఆ నాలుగైదు సెకన్లలో చేయాల్సింది ఒక్కటే, "ఇది చేస్తే ఎలా ఉంటుంది" అని ఆలోచించడం మానేసి ముందు నోరు తెరిచేయాలి. "ఒక్క మాటండీ" అని మొదలుపెట్టేస్తే చాలు, అది నోట్లోంచి వచ్చాక ఇంక వెనక్కెళ్లలేం కదా, మిగతాది అదే వస్తుంది.

మాటతో మొదలుపెట్టండి, డబ్బులు అక్కర్లేదు

అన్నిటికంటే తేలికైనది మాట సాయమే, కానీ చాలామంది దాన్ని పైపైన చేసి వదిలేస్తారు. "సూపర్", "బాగుంది", "థాంక్యూ" అంటే ఎవరూ కాదనరు, కాకపోతే అవి చెవి దాకా వెళ్లి ఆగిపోతాయి. చూసిన విషయాన్ని చూసినట్టు చెప్పండి. ఉదాహరణకి మీ టీమ్‌లో ఒకరున్నారు అనుకోండి, ఆవిడకి "మీరు చాలా హెల్ప్‌ఫుల్ అండీ" అనేబదులు "నిన్న మీటింగ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి తడబడుతుంటే మీరు మధ్యలో అందుకుని, తనకి తెలిసిన ప్రశ్నే మళ్లీ తననే అడిగారు చూడండి, దాంతో వాడు కుదురుకున్నాడు, నేను గమనించాను" అనండి. ఆవిడ ఆ పని ఎవరూ చూడలేదు అనుకునే చేసి ఉంటుంది. చేసింది ఒకరి కంట పడింది అన్న సంతోషం వేరు, అది జీతంలో రాదు.

ఎప్పుడో సాయం చేసినవాళ్లకి ఇప్పుడు థాంక్స్ చెప్పడం ఇంకా మంచిది. చదువుకునే రోజుల్లో ఫీజు కట్టిన బంధువు, మొదటి ఉద్యోగంలో తిట్టకుండా పని నేర్పిన సీనియర్, మీ అమ్మగారికి బాగోలేనప్పుడు రాత్రంతా తోడున్న పక్కింటివాళ్లు, ఇలాంటివాళ్లలో కనీసం ఒకరికైనా మనం సరిగ్గా చెప్పి ఉండం. పైన చెప్పిన కుమార్, ఎప్లీ ఇద్దరే 2018లో కృతజ్ఞత ఉత్తరాల మీద కూడా రాశారు, రాసేవాళ్లు "నా మాటలు సరిగ్గా కుదిరాయో లేదో" అని దిగులుపడతారు, అందుకునేవాళ్లు మాత్రం మాటల పొందిక పట్టించుకోనే పట్టించుకోరు, ఆ ఆప్యాయతే చూస్తారు. కాబట్టి తప్పుల్లేకుండా రాయాలని మూడు రోజులు డ్రాఫ్టులో పెట్టుకోకండి. ఏం చేశారు, దానివల్ల మీకు ఏం జరిగింది, ఇప్పుడు మీరెక్కడున్నారు, ఈ మూడూ నాలుగు లైన్లలో రాసి పంపించేయండి, రాయడం రాకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి, గొంతు వింటే ఇంకా సంతోషం.

మాటలు తెగిపోయిన పాత ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టడం కూడా ఇందులోదే. ఇన్నేళ్ల తర్వాత పెడితే ఏదో అవసరం పడి పెట్టాడనుకుంటారేమో అని అందరికీ ఉంటుంది. పెగ్గీ లియు, ఆవిడతో పనిచేసినవాళ్లు 2022లో చూసిందేంటంటే, మనం ఇలా పలకరిస్తే అవతలివాళ్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషిస్తారు, అనుకోకుండా వచ్చిన పలకరింపు అయితే మరీను. ఒక చిన్న జాగ్రత్త మాత్రం నా వైపు నుంచి: "హాయ్, ఎలా ఉన్నావ్" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకోకండి, అది చూడగానే ఏదో అడగబోతున్నాడని అనుమానం వస్తుంది. "ఇవాళ ఫలానా పాట వినపడింది, హాస్టల్ రూంలో నువ్వు పాడేవాడివి గుర్తొచ్చింది, పనేం లేదు, ఊరికే చెబుదామనిపించింది, తీరిక ఉన్నప్పుడు మాట్లాడుకుందాం" అని పెట్టండి. అవసరం లేదని ముందే తెలిస్తే వాళ్లు నిశ్చింతగా చదువుకుంటారు.

"ఏమన్నా కావాలంటే చెప్పు" అనడం మానేయండి

ఇది కొంచెం కటువుగా అనిపించొచ్చు కానీ నేను బలంగా నమ్మే విషయం. కష్టంలో ఉన్న మనిషితో "ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు" అంటే మనం సాయం చేసినట్టు కాదు, వాళ్లకి ఇంకో పని అప్పగించినట్టు. ఏం కావాలో వాళ్లే ఆలోచించుకోవాలి, ఎవరిని అడగాలో తేల్చుకోవాలి, ఫోన్ చేసి నోరు విడిచి అడగాలి, అడగడమంటేనే చాలామందికి ప్రాణసంకటం. అలా అడగాల్సిన అవసరం లేకుండా చేయడమే అసలు సాయం.

హాస్పిటల్ సంగతే తీసుకోండి. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో ఒకరు అడ్మిట్ అయ్యారు, అందరూ వచ్చి పేషెంట్‌ని పలకరించి వెళ్తుంటారు, పక్కన కూర్చున్న మనిషిని మాత్రం ఎవరూ చూడరు. ఆ మనిషి రెండు రోజుల నుంచి అదే చొక్కాలో ఉంటాడు, డాక్టర్ రౌండ్స్‌కి ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి బాత్రూంకి వెళ్లాలన్నా గుంజాటన, ఫోన్ చార్జింగ్ అయిపోతూ ఉంటుంది, వచ్చే ప్రతి ఒక్కరికీ ఏం జరిగిందో మొదటినుంచీ మళ్లీ మళ్లీ చెప్పాలి. ఇప్పుడు మీరు వెళ్లి ఏం చేయొచ్చో చూడండి. పొడుగాటి వైరున్న చార్జర్ ఒకటి పట్టుకెళ్లండి. "నేను రెండు గంటలు ఇక్కడే ఉంటాను, మీరు ఇంటికెళ్లి స్నానం చేసి కాసేపు నడుం వాల్చి రండి, డాక్టర్ వస్తే ఏమడగాలో ఈ కాగితం మీద రాసివ్వండి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను, వెంటనే ఫోన్ చేస్తాను" అనండి. జరిగిందంతా చెప్పమని మాత్రం అడక్కండి, వాళ్లంతట వాళ్లే చెబితే వినండి. ఇలా చేశాక ఆ మనిషి తడి తలతో, ఉతికిన బట్టల్లో వెనక్కి వచ్చినప్పుడు మొహం చూడండి, అంతకుముందు మీరు చూసిన మనిషేనా అనిపిస్తుంది, చేసినవాళ్లకి దక్కే సంతోషం అంటే ఇదే, ఇంకెవరో వచ్చి వివరించక్కర్లేదు.

దీన్నే మిగతా చోట్లకి కూడా వాడుకోవచ్చు. పద్ధతి ఏంటంటే, ఏ పని చేస్తారో చెప్పండి, ఎప్పుడో చెప్పండి, వద్దనడానికి తేలిగ్గా దారి ఇవ్వండి. "రేపు సాయంత్రం అటువైపే వస్తున్నాను, పాపని ట్యూషన్ నుంచి తీసుకొచ్చి దింపేస్తాను, వేరే ఏర్పాటు ఉంటే వద్దని చెప్పేయండి చాలు." చివర్లో ఆ వాక్యం లేకపోతే వాళ్లు మొహమాటానికి సరే అంటారు, అప్పుడు అది సాయం కాదు.

బరువు తెలియకుండా ఇవ్వడం

సాయం పొందినప్పుడు మనిషికి సంతోషంతో పాటు ఇంకోటి కూడా వస్తుంది, "నేను చేసుకోలేకపోయానే" అన్న చిన్నతనం. దీన్ని మనం ఎంత తగ్గిస్తే ఆ సాయం అంత తీయగా ఉంటుంది. 2000లో నయల్ బోల్గర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కలిసి, లాయర్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నవాళ్ల చేతా, వాళ్ల జీవిత భాగస్వాముల చేతా రోజూ డైరీ రాయించి చూశారు. భాగస్వామి "నేను ఇవాళ అండగా ఉన్నాను" అని రాసి, పరీక్ష రాసేవాళ్లకి మాత్రం అది సాయంగా కనిపించని రోజులున్నాయే, అవే ఎక్కువ మేలు చేశాయి. కనిపించేలా చేసిన సాయం కొన్నిసార్లు దిగులుని పెంచింది కూడా. అంటే ఇంట్లో ఎవరైనా ఒత్తిడిలో ఉంటే వాళ్ల ముందు నిలబడి "నీకోసం ఇవన్నీ చేస్తున్నాను" అని చూపించుకోకుండా, కరెంటు బిల్లు కట్టేయడం, గిన్నెలు కడిగేయడం, పిల్లల్ని పక్క గదిలోకి తీసుకెళ్లి ఆడించడం, ఇలాంటివి చప్పుడు లేకుండా చేసేయాలి.

అలాగే సాయం చేశాక దాన్ని మళ్లీ మళ్లీ గుర్తుచేయకూడదు. "ఆ రోజు నేను లేకపోతే ఏమయ్యేదో" అని నలుగురిలో అన్నామంటే, చేసిన సాయాన్ని మనమే వెనక్కి లాగేసుకున్నట్టు. ఇంకా ఘోరం ఏంటంటే ఇస్తూ ఫొటో తీసుకోవడం, ఆ ఫొటోలో తీసుకునే మనిషి తల ఎప్పుడూ కిందకే ఉంటుంది, ఒకసారి గమనించండి. పదిమందికి స్ఫూర్తిగా ఉంటుందని అంటారు, స్ఫూర్తి కావాలంటే చేసిన పని గురించి రాయండి, అందుకున్న మనిషి మొహం అక్కర్లేదు.

ఒంట్లో ఏదైనా ఇబ్బంది ఉన్నవాళ్లకి సాయం చేసేటప్పుడు ముందు అడగాలి, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. చూపు లేనివాళ్లని రోడ్డు దాటించాలని చెయ్యి పట్టుకుని లాగేయకూడదు, వాళ్ల కర్ర అసలే పట్టుకోకూడదు, పక్కకి వెళ్లి "దాటడానికి తోడు రమ్మంటారా" అని అడిగి, ఊఁ అంటే మీ మోచెయ్యి అందించండి, వాళ్లే పట్టుకుంటారు, మీరు అర అడుగు ముందు నడవండి. మెట్టు వస్తే ఎక్కాలో దిగాలో చెప్పండి. వీల్‌చెయిర్ కూడా అంతే, చెప్పకుండా వెనకనుంచి తోయకూడదు. వద్దంటే నవ్వి పక్కకి జరగండి, వద్దన్నారని మనసు కష్టపెట్టుకోవాల్సిన పని లేదు.

డబ్బు సంగతి

డబ్బుతో చేసేది తక్కువదేం కాదు, చిన్న మొత్తమైనా సరే. 2008లో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైకేల్ నార్టన్ ముగ్గురూ కలిసి ఉదయం పూట కొంతమందికి 5 డాలర్లు, కొంతమందికి 20 డాలర్లు కవర్లో పెట్టిచ్చి, సాయంత్రం 5 గంటల లోపు ఖర్చు పెట్టేయమన్నారు, సగం మందిని సొంతానికి, సగం మందిని ఇంకొకరి కోసం. ఇంకొకరి కోసం పెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు, 5 అయినా 20 అయినా తేడా రాలేదు. విచిత్రం ఏంటంటే ఏది ఎక్కువ సంతోషమిస్తుంది అని వేరేవాళ్లని అడిగితే సొంతానికి 20 డాలర్లు అన్నారు. రెండేళ్లు కూడా నిండని పిల్లల మీద ఆక్నిన్ వాళ్లు 2012లో చేసిన ఇంకో ప్రయోగంలో, పిల్లలు తినేవి తమకి దొరికినప్పటి కంటే ఒక బొమ్మకి పెట్టినప్పుడు ఎక్కువ సంతోషపడ్డారు, అందులోనూ తమ గిన్నెలోంచి తీసి పెట్టినప్పుడు ఇంకా ఎక్కువ. అందుకే ఇచ్చేదేదో మీకు కొంచెం తగిలేలా ఇవ్వండి, ఇంట్లో పనికిరానిది తీసి ఇచ్చేస్తే బీరువా ఖాళీ అవుతుంది గానీ మనసు నిండదు. డబ్బులిచ్చేటప్పుడు తిరిగొస్తుందన్న ఆశ ఉంటే అది అప్పు, ఆ సంగతి ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. సాయం అనుకుంటే మాత్రం ఇచ్చేసి మర్చిపోండి.

రోజూ ఒకటి చేయాలా?

అక్కర్లేదు. సోన్యా ల్యుబొమిర్‌స్కీ వాళ్లు 2005లో ప్రచురించినదాని ప్రకారం, ఆరు వారాల పాటు వారానికి ఐదు మంచి పనులు చేయమంటే, ఐదూ ఒకే రోజు చేసినవాళ్లలో సంతోషం పెరిగింది, వారమంతా అక్కడొకటి ఇక్కడొకటి చేసినవాళ్లలో అంత కనబడలేదు. రోజూ ఎలాగూ ఏదోకటి చేస్తూనే ఉంటాం కాబట్టి విడిగా చేస్తే అవి అందులో కలిసిపోతాయి కాబోలు. వారంలో ఒక రోజు పెట్టుకుని చూడండి, ఆ రోజు కళ్లు కాస్త తెరుచుకుని తిరగండి, వెనకొచ్చేవాళ్ల కోసం లిఫ్ట్ ఆపి పట్టుకోవడం, క్యూలో పసిబిడ్డతో ఉన్నావిడని ముందుకి పంపడం, సెక్యూరిటీ అతన్ని పేరు పెట్టి పలకరించడం, ఎవరో అడిగిన అడ్రస్ నోటితో చెప్పి ఊరుకోకుండా ఆ మలుపు దాకా నడిచి చూపించడం. ఒకే పని ప్రతి వారం చేస్తే కొన్నాళ్లకి డ్యూటీలా అయిపోతుంది కాబట్టి మారుస్తూ ఉండండి.

ఆఫీసులో అయితే దీని ప్రభావం మనం చేసిన మనిషితో ఆగదు. స్పెయిన్‌లో ఒక కంపెనీలో కొంతమందికి, మీ తోటి ఉద్యోగుల్లో ఫలానా వాళ్లకి చిన్నచిన్న సాయాలు చేస్తూ ఉండండి అని నాలుగు వారాలు చెప్పి చూశారు, 2018లో అది అచ్చయింది. చేసినవాళ్లకి ఉద్యోగం మీదా జీవితం మీదా తృప్తి పెరిగింది. సాయం అందుకున్నవాళ్లు, ఎవరూ చెప్పకుండానే, మిగతావాళ్ల కంటే 278 శాతం ఎక్కువగా ఇతరులకి మంచి పనులు చేశారు.

ఎప్పుడు చేయకూడదు

బలవంతం మీద చేసే సాయంలో సంతోషం ఉండదు, నెట్టా వైన్‌స్టైన్, రిచర్డ్ రయాన్ 2010లో చూపించింది ఇదే, ఇష్టపడి చేస్తేనే చేసినవాళ్లకీ, అందుకున్నవాళ్లకీ కూడా మేలు. కాదంటే చెడ్డపేరొస్తుందని, నలుగురూ ఏమన్నా అంటారని చేస్తుంటే ముందు అది ఆపండి. మీకే నిద్రల్లేక ఒళ్లు హూనమై ఉంటే ఇవాళ కుదరదు అని చెప్పడంలో తప్పేం లేదు. ప్రతిసారీ మీ మంచితనాన్ని వాడుకునే మనిషికి కూడా అంతే, ఒకసారి మర్యాదగా "ఈసారి నా వల్ల కాదండీ" అనేయండి, కారణాలు చెప్పుకుంటూ కూర్చోకండి.

ఇక తీసుకోవడం

దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ ఇదీ నేర్చుకోవాల్సిందే. ఎవరైనా ప్రేమగా ఏదైనా చేస్తే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ", తర్వాత వెంటనే దానికి బదులు ఏం తీర్చేయాలా అని ఆలోచన. ఎవరైనా మెచ్చుకుంటే "అబ్బే, నాదేముంది" అని కొట్టిపారేస్తాం. పాపం వాళ్లు ఆ నాలుగైదు సెకన్ల మొహమాటాన్ని దాటుకుని వచ్చి చెప్పారు, మనం దాన్ని తోసేస్తే ఇంకోసారి ఇంకొకరికి చెప్పడానికి జంకుతారు. "చాలా సంతోషంగా ఉందండీ, థాంక్స్" అని వాళ్ల కళ్లలోకి చూసి చెప్పండి, అంతే, లెక్క అప్పటికప్పుడు సమం చేయక్కర్లేదు. సాయం కావాల్సినప్పుడు అడగండి కూడా, షువాన్ జావో, ఎప్లీ కలిసి 2022లో రాసిన దాంట్లో తేలిందేంటంటే, సాయం అడిగేవాళ్లు అవతలివాళ్లకి ఇబ్బంది అవుతుందని ఎక్కువ ఊహించుకుంటారు, అవతలివాళ్లు మాత్రం చేయగలిగినందుకు అనుకున్నదానికంటే ఎక్కువ సంతోషిస్తారు.

ఇంకొక్కటి, చాలామంది వదిలేసేది. ఎవరైనా మీకు సలహా ఇచ్చినా, ఒక నంబర్ ఇచ్చినా, ఎవరితోనైనా మాట్లాడిపెట్టినా, ఆ తర్వాత ఏమైందో వాళ్లకి చెప్పండి. "మీరు చెప్పిన డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాం, నాన్నకి మోకాలి నొప్పి చాలావరకు తగ్గింది, నిన్న తనే మెట్లు దిగి కిందకొచ్చాడు" అని. సాయం చేసినవాళ్లకి ఆ కబురు ఎప్పటికీ అందకపోవడం చాలా మామూలుగా జరిగిపోతుంది, వాళ్లు అడగలేరు, మనకి గుర్తుండదు. మీ ఫోన్లో ఇలాంటి చెప్పని కబురు ఒకటైనా ఉండే ఉంటుంది, ఇవాళే పంపేయండి.